పాత డెస్క్‌టాప్ ఆన్ కాకపోతే... ఎస్‌ఎంపీఎస్ డబ్బా వెనక కథ

ఈ ఎపిసోడ్ చర్ల, దుమ్ముగూడెం, పినపాక వైపు ఇంకా పాత డెస్క్‌టాప్ మీదే పని నడుపుకుంటున్నవాళ్ల కోసం. ఈ వీడియో మీరు ఫోన్‌లోనే చూస్తున్నారని తెలుసు. కానీ మీ ఊరి జిరాక్స్ షాపులోనో, మీ ఇంట్లో మూల బల్ల మీదో ఒక పాత సీపీయూ ఉండే ఉంటుంది. ఎండాకాలం చివర్లో ఈదురుగాలి వస్తుంది, కొమ్మ విరిగి లైను మీద పడుతుంది. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. తెల్లారి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. "కంప్యూటర్ పోయింది" అనేస్తాం. పదేళ్ల ఫొటోలు, ఫైళ్లు, షాపు ఆయనకైతే అప్లికేషన్ల సీజన్, అన్నీ దాంతోపాటే పోయాయనుకుంటాం. చాలాసార్లు పోయింది కంప్యూటర్ కాదు. వెనకాల ఫ్యానుతో ఉండే ఇనుప డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్.

తమాషా ఏంటంటే కరెంటు పుట్టేది మన దగ్గరే. పాల్వంచ కేటీపీఎస్ 1966లో మొదలైంది. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్లు. ఆ పాత ప్లాంటు ఎనిమిది కూలింగ్ టవర్లని 2024 ఆగస్టులో కూల్చేసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇటు అడవిలో మోతుగూడెం దగ్గర లోయర్ సీలేరు, 460 మెగావాట్లు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిసినప్పుడు అదీ అటు వెళ్లిపోయింది. ఇంత కరెంటు పక్కనే పుడుతున్నా, పెద్ద టవర్ లైన్ల మీద వెళ్లేది వేరు, చెట్ల సందులోంచి మన ఊరికొచ్చే చివరి లైను వేరు. మన డబ్బా బతుకు ఆ చివరి లైను మీదే ఆధారపడి ఉంది.

ఇంతకీ ఆ డబ్బా చేసే పనేంటి? గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. అంత నిదానంగా ఊగే కరెంటుని నేరుగా తగ్గించాలంటే ట్రాన్స్‌ఫార్మర్ ఇటుకంత బరువు ఉండాలి. అందుకని ఒక ఉపాయం చేశారు. ముందు డీసీ చేసి, దాన్ని సెకనుకి కొన్ని పదివేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తారు. అప్పుడు నిమ్మకాయంత ట్రాన్స్‌ఫార్మర్ చాలు. పేరులో ఉన్న "స్విచ్" అదే.

1977లో యాపిల్ 2 కోసం రాడ్ హోల్ట్ అనే ఇంజనీర్ ఇలాంటిదే తయారుచేశాడు, ఫ్యాన్ కూడా అక్కర్లేకుండా. తర్వాత అందరూ ఆయన డిజైన్‌నే కాపీ కొట్టారని స్టీవ్ జాబ్స్ అన్నాడు గానీ, అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. అంతకుముందే అంతరిక్ష పరికరాల్లో, ల్యాబ్ మిషన్లలో ఈ పద్ధతి ఉంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో డబ్బా కెపాసిటీ 63.5 వాట్లు. ఇప్పటి పెద్ద గేమింగ్ కార్డు ఒక్కటే దానికి నాలుగైదు రెట్లు తాగుతుంది.

అప్పటి బోర్డులకి పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు పక్కపక్కన పెట్టాలి. అటూ ఇటూ మారితే బోర్డు కాలిపోయేది. అందుకే మెకానిక్‌లకి ఒకటే గుర్తు: నల్ల వైర్లు రెండువైపులవీ మధ్యలో కలవాలి. ఇంకా భయంకరం ఏంటంటే, తొంభైల మొదట్లో వచ్చిన ఏటీ క్యాబినెట్లలో ముందు బటన్ దాకా నేరుగా 230 వోల్టులు వచ్చేవి!

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత పెట్టింది. ఇరవై పిన్నులు, ఒకే కనెక్టర్, తిప్పి పెడితే ఎక్కదు. డబ్బా సైజు, స్క్రూల చోటు అన్నీ ఫిక్స్. ఏ కంపెనీ డబ్బా అయినా ఏ కంపెనీ క్యాబినెట్‌లోనైనా కూర్చుంటుంది. 2000లో ప్రాసెసర్ కోసం నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ కలిసింది, 2003లో ఇరవై కాస్తా ఇరవై నాలుగు పిన్నులైంది. అయినా పాత బోర్డుని వదిలేయలేదు. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో చివరి నాలుగు పిన్నులు విడిగా ఊడొస్తాయి, మిగతా ఇరవై పాత బోర్డుకి ఎక్కుతాయి. ఇరవై ఏళ్ల కిందటి మిషన్‌కి ఈరోజు ఖమ్మంలో కొన్న డబ్బా పనిచేస్తుందంటే కారణం ఇదే.

అయితే అందరూ ఈ కొలత పాటించలేదు. తొంభైల చివర్లో డెల్ డెస్క్‌టాప్‌లలో కనెక్టర్ చూడ్డానికి అచ్చం ఏటీఎక్స్‌లాగే ఉండేది, లోపల వైర్ల వరుస వేరు. మామూలుది పెడితే బోర్డుకే ముప్పు. ఇప్పుడు కూడా ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చే సన్నటి బ్రాండెడ్ సిస్టమ్‌లలో చాలావాటికి సొంత సైజు, సొంత కనెక్టర్. కాబట్టి ఖమ్మం నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకునే ముందు పాత డబ్బా లేబుల్‌నీ, కనెక్టర్లనీ ఫొటో తీసి షాపుకి పంపండి. లేబుల్ మీద మొత్తం వాట్లే కాదు, 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో కూడా చూడండి. మరీ చవక డబ్బాలు అక్కడే మోసం చేస్తాయి.

మార్చేటప్పుడు ప్లగ్ పీకేయండి. బటన్ ఆఫ్‌లో ఉన్నా ఏటీఎక్స్ లోపల 5 వోల్టుల స్టాండ్‌బై నడుస్తూనే ఉంటుంది. డబ్బాని మాత్రం విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటే 230 మీద పెట్టండి. 115 మీద ఉంచి ప్లగ్ పెడితే ఢాం అంటుంది, కొత్త డబ్బా అక్కడికక్కడే పోతుంది.

మీ మిషన్ 2000 నుంచి 2007 మధ్యదైతే బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి. అప్పట్లో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతా చాలా బోర్డుల్ని చంపేశాయి. అవి ఉబ్బి ఉంటే డబ్బా ఒక్కటి మార్చి లాభం లేదు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? చాలావరకు అది ఇంట్లో ఎర్త్ లేకపోవడం వల్ల. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టినా జివ్వుమంటూనే ఉంటుంది, ముందు ఎర్తింగ్ చేయించండి. ఇక ఆన్ అయ్యాక తేదీ ఎప్పటిదో పాతది చూపించి వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే కంగారుపడొద్దు. బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, వాచీ షాపులో దొరుకుతుంది.