సాక్షుల వైపు తిరిగిన కెమెరా

రెండవ ప్రపంచయుద్ధం గురించి మనం చదువుకున్న పాఠాల నిండా సైన్యాధిపతులే. 1973 అక్టోబరు 31న బ్రిటన్‌లో మొదలైన ‘ది వరల్డ్ ఎట్ వార్’ ధారావాహిక ఆ వరుసను మార్చింది. దాని తొలి దృశ్యంలో కనిపించేది యుద్ధరంగం కాదు, ఫ్రాన్సులోని ఒరదూర్ అనే నిర్జన గ్రామం. 1944 జూన్ 10న జర్మన్ సైనికులు ఆరు వందలమందికి పైగా జనాన్ని చంపివేసిన చోటది. ఇరవై ఆరు భాగాలలో హిట్లర్ మంత్రి ష్పేర్ మాట్లాడాడు. మామూలు సిపాయిలూ, గృహిణులూ, శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవారూ మాట్లాడారు.

ఒక భాగం బర్మా యుద్ధానిది. అది చూస్తున్నంతసేపూ, 1942లో రంగూన్ విడిచి కాలినడకన బయలుదేరిన మన తెలుగువాళ్ళే నా మనసులో మెదిలారు. అక్కడివారు వాళ్ళను ‘కోరంగీలు’ అనేవారు. ఆ నడక కథలను నడిచినవారి నోటనే పదిలపరచుకోవలసిన పని మనది; ఆ తరం దాదాపు దాటిపోయింది.

ఈ ధారావాహిక నిర్మాత జెరెమీ ఐజక్స్. 1932లో గ్లాస్గోలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1958లో గ్రనాడా టెలివిజన్‌లో చేరి, తరువాత ‘పనోరమ’, ‘దిస్ వీక్’ వంటి వార్తా కార్యక్రమాలు నడిపారు. 1982 నవంబరు 2న ప్రసారాలు ప్రారంభించిన ఛానల్ ఫోర్‌కు తొలి సారథి ఆయనే. చాలా కార్యక్రమాలను సొంతంగా తీయక, బయటి నిర్మాతలచేత తీయించి ప్రసారం చేసే పద్ధతి దానిది. ఒక ప్రచురణకర్త పుస్తకాలు వేసినట్టన్నమాట! మిగతా ఛానళ్ళు పట్టించుకోని ప్రేక్షకులకు చోటివ్వడం దాని ధర్మం.

అటువంటి మనిషి 1988లో లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్ అధిపతి కావడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది. ఒకవైపు ప్రభుత్వ సహాయం, మరొకవైపు సామాన్యుడికి అందని టిక్కెట్ ధరలు. 1995లో భవన పునర్నిర్మాణానికి జాతీయ లాటరీ నిధులు మంజూరయ్యాయి. పేదవాళ్ళు కొన్న లాటరీ చీట్లతో ధనికుల వినోదమా అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

అంతకు ముందే ఆయన బీబీసీ కెమెరాలను సంస్థ లోపలికి రానిచ్చి ఉన్నారు. ఆ చిత్రం ‘ది హౌస్’ 1996 జనవరిలో ప్రసారమైంది. డబ్బు కటకట, తగాదాలు, ఉద్యోగాల ఊడబెరుకుడు అన్నీ దేశమంతా చూసింది. అధికారిగా అది తెలివైన పని కాకపోవచ్చు. కానీ జీవితమంతా ఇతరుల గదుల్లోకి కెమెరాను పంపినవాడు తన గదికి గడియ పెట్టుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది సరిగ్గా అక్కడే. సంస్కృతి పేరిట ప్రజాధనం ఖర్చుపెట్టే మన అకాడమీలలో అలా తలుపు తీసినవారెవరైనా ఉంటే చెప్పండి, సంతోషిస్తాను.

ఛానల్ ఫోర్ రోజులను ‘స్టార్మ్ ఓవర్ ఫోర్’ (1989)లోనూ, ఒపేరా రోజులను ‘నెవర్ మైండ్ ది మూన్’ (1999)లోనూ స్వయంగా రాసుకున్నారు. ఈ రెండవ పుస్తకానికి ఒక ఏడాది ముందు, సి.ఎన్.ఎన్. కోసం ఇరవై నాలుగు భాగాల ‘కోల్డ్ వార్’ నిర్మించి, మళ్ళీ సాక్షుల ఎదుటే కెమెరా నిలిపారు.