సుమత్రా ఖడ్గాలు - సూరతు సంబంధం

సూరతు నగరానికి ఎదురుగా, తపతీనది ఆవలి గట్టున రాందేరు ఉన్నది. నూరుద్దీన్ రానీరీ అనే పండితుని పేరు చివరి మాట ఈ ఊరిని సూచించేదే. ఆయన 1637లో సుమత్రా ఉత్తరపు కొననున్న ఆచే రాజ్యానికి వెళ్ళి, సుల్తాను ఇస్కందర్ థానీ ఆదరం పొంది, 1644లో స్వస్థలానికి మరలివచ్చినాడు. ఆయనకు పూర్వమే గుజరాతీ వర్తకులకు ఆ దారి తెలుసు. వారు ఇక్కడి వస్త్రాలిచ్చి అక్కడి మిరియాలు తెచ్చేవారు.

ఆచేలోనూ, బతక్కుల దేశంలోనూ పోదాంగ్ అనే ఖడ్గం ఉన్నది. దాని పిడిని చూడగానే మన తల్వారు జ్ఞప్తికి వస్తుంది. తల్వారు పిడికి పైన పళ్ళెంవంటి బిళ్ళ ఉంటే, దీనికి లోతైన గిన్నె ఉంటుంది. మన పిడి సాధారణంగా ఇనుముది. అక్కడిది తరచు పోతపోసిన ఇత్తడిది. ఈ పోలికను పట్టుకొని, అట్టి ఖడ్గమేది కనబడినా "సూరతు ఓడలలో వచ్చినది, పదునేడవ శతాబ్దిది" అని నిర్ణయించడం సులభం. అది తొందరపాటని నా అభిప్రాయం. ఒకసారి నాటుకొన్న పిడి ఆకారాన్ని అక్కడి కంసాలులు తరతరాలుగా పోతపోస్తూనే వచ్చినారు. పైగా ఆచేకు ఓడలు పంపినది సూరతు ఒక్కటే కాదు. గోలకొండవారి మచిలీపట్టణం కూడ పంపినది.

అసలు ఖడ్గానికి ఒకే వయస్సు ఉండదు. అలుగు ఒకనాటిది, పిడి మరొకనాటిది, ఒరమీది బంగారు నగిషీ మనుమల కాలంలో చేయించినది కావచ్చు. అలుగుమీది ముద్రలను కూడ నమ్మరాదు. ఐరోపా కమ్మరుల కొడవలి గుర్తులకు గిరాకీ ఉండడం చేత మన కమ్మరులే వాటిని కొట్టేవారు. డచ్చి కంపెనీ అలుగులు కొంత మేలు, వాటిపై కంపెనీ ముద్రతోపాటు సంవత్సరం కూడ ఉంటుంది. కాని 1768 అని ఉన్న అలుగు అంతకు ముందుది కాదని మాత్రమే చెప్పగలదు. దానికి స్థానికమైన పిడి ఎప్పుడు తొడిగినారో చెప్పదు.

రెండవ హద్దు యుద్ధం వల్ల దొరికినది. 1873లో డచ్చివారు ఆచేపై దండెత్తినారు. ఆ యుద్ధాలలో పట్టుబడిన ఆయుధాలు హాలండు ప్రదర్శనశాలలకు చేరినవి. అక్కడి పట్టికలో ఒక ఖడ్గం చేరిన సంవత్సరం వ్రాసి ఉంటే, పిడీ నగిషీ సైతం ఆ సంవత్సరానికి పూర్వపువే కావలె.