ఆంగ్లమున జీతవాచకములు: పదసాహచర్య చరిత్ర

పదముల యర్థ మెఱిఁగినంతమాత్రమున భాష వచ్చినట్లు కాదు. ఏ పదము దేనితోఁ గూడునో యెఱుఁగవలయును. ఈ కూడికయే పదసాహచర్యము. జీవనోపాధికి సంబంధించిన యాంగ్లపదములయం దిది మిక్కిలి స్పష్టముగాఁ గానవచ్చును. ఉద్యోగార్థియై విన్నపము వ్రాయు మన విద్యార్థి తఱచుగాఁ దడఁబడునదియు నిచ్చటనే.

తెనుఁగున ‘ఉద్యోగము చేయుచున్నాను’ అనుట సహజము. దానిని మాటకు మాటగా మార్చి విద్యార్థి ‘ఐ యామ్ డూయింగ్ ఎ జాబ్’ అని వ్రాయును. ఆంగ్లేయునకు దానివలనఁ దోఁచునది చేతనున్న యొకానొక పని, ఉద్యోగము గాదు. కొలువును జెప్పవలసినచో ‘ఐ హావ్ ఎ జాబ్’ అనుట వారి వాడుక. దీనికిఁ గారణము చరిత్రయందున్నది. 16వ శతాబ్దిలో ‘జాబ్’ అనఁగా నొక విడిపని మాత్రమే. 1755లో జాన్సన్ తన నిఘంటువున దీనిని హీనపదముగాఁ బేర్కొనెను. స్థిరోద్యోగ మను నర్థము పిమ్మట వచ్చినది. పాత యర్థము ‘డూ’ క్రియను విడువలేదు. క్రొత్త యర్థము ‘హావ్’, ‘గెట్’ మున్నగువానిని జేరఁదీసెను. ‘వర్క్’ అట్లు కాదు. ఉపాధి యను నర్థమున దానిముందు ‘ఎ’ చేరదు; చేరెనేని గ్రంథమో, కళాకృతియో యగును.

‘వేజ్’ మొదట తాకట్టు, పూచీ యను నర్థములుగల ఫ్రెంచిపదము. యుద్ధము సాగించుటను ‘వేజ్ వార్’ అనుటలో నా ప్రాఁత పూచీయే నిలిచియున్నది. ‘శాలరీ’ లాటిను ‘సలారియమ్’ నుండి వచ్చెను. ఆ భాషలో ‘సాల్’ అనఁగా ఉప్పు. రోమక సైనికులకు జీతము నుప్పుగానే కొలిచి యిచ్చి రను కథకు మాత్రము గట్టి యాధారము లేదు. వేజులు గంటకో వారమునకో లెక్కించు కూలికిని, శాలరీ నెలకో యేఁటికో కట్టిన జీతమునకును జెల్లును.

మన భాషయందును నిట్లే. పాలేరు జీతమున కుండును. కూలివాఁడు కూలికిఁ బోవును. ‘కూలి కుండుట’ సహజము గాదు. ఏఁడాది పొడవునను యజమానియింటఁ గట్టువడినవాని బ్రదుకును, ఏనాఁటి పని నానాఁడు వెదకికొనువాని బ్రదుకును ఈ క్రియలే చెప్పుచున్నవి.

ఇట్టి కూడికలను బోధనకై యేర్చి కూర్చిన ముఖ్యకృషి టోకియోలో జరిగెను. 1922లో జపాను విద్యాశాఖకు భాషాసలహాదారుగా వెళ్లిన హెరాల్డు పామర్, 1923లో నచ్చట ఆంగ్లబోధన పరిశోధనసంస్థను స్థాపించెను. ఆ సంస్థ 1933లో ఆంగ్లపదసాహచర్యములపై నివేదికను బ్రకటించెను. ఆయన సహచరుఁడగు హార్న్‌బీ తోడివారితోఁ గలసి కూర్చిన నిఘంటువు 1942లో టోకియోలోనే వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణమై లోకమున వ్యాపించెను. పూర్వము లాహోరున నాచార్యుఁడైన ఫర్త్ 1951లో సాహచర్యమును అర్థవిచారమున నొక యంగముగా నిలిపెను. పరభాష నేర్చువారి కష్టమే యీ విచారమునకుఁ బ్రోద్బలమైన దనుట గమనింపఁదగినది.

కాఁబట్టి పాఠశాలలయందు నామమును క్రియతోఁ గూడ జంటగానే నేర్పవలయును. తెనుఁగు నిఘంటుకర్తలును ‘జీతము’ క్రింద ‘ఉండు’ను, ‘కూలి’ క్రింద ‘పోవు’ను జూపవలయును. అట్లు చూపనిచో అర్థము మిగులును గాని, ఆ మాటతో బ్రదికినవారి చరిత్ర మిగులదు.