పర్మిట్టుగా పుట్టిన టీవీ లైసెన్సు

చదువుకోవడానికి బ్రిటన్ వెళ్లి అద్దె గదుల్లో దిగే తెలుగు కుర్రాళ్లకు కొత్తలోనే ఒక ఉత్తరం అందుతూ ఉంటుంది. దానిమీద పేరుండదు. ‘ఈ ఇంట్లో చట్టప్రకారం ఉంటున్నవారికి’ అని మాత్రం ఉంటుంది. ఈ చిరునామాకు టీవీ లైసెన్సు లేదు, తనిఖీకి మనిషి రావచ్చు అన్నది లోపలి సారాంశం. మాకు అసలు టీవీయే లేదు, ఉన్నది ల్యాప్‌టాప్ అనుకుని చెత్తబుట్టలో వేస్తే చిక్కే. అక్కడి నిబంధన పెట్టె గురించి కాదు, చూడటం గురించి. హైదరాబాద్ న్యూస్ చానల్‌ని అది ప్రసారమవుతున్న వేళే ఫోన్లో చూసినా లైసెన్సు ఉండాలి. అదే బులెటిన్‌ని రాత్రి తీరిగ్గా యూట్యూబ్‌లో వెతుక్కుని చూస్తే అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ సినిమాకూ అక్కర్లేదు. బీబీసీ వాళ్ల ఐప్లేయర్‌లో మాత్రం పాత కార్యక్రమం చూసినా కావాల్సిందే, 2016 సెప్టెంబరు నుంచి. 2025 ఏప్రిల్లో ఈ రుసుము ఏడాదికి 174.50 పౌండ్లకు చేరింది. కట్టకుండా చూసి దొరికిపోతే కోర్టు వెయ్యి పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. ఇంకా నలుపు తెలుపు టీవీ చూసేవాళ్లుంటే వాళ్లకు అప్పుడు 58.50 పౌండ్లే. అలాంటివాళ్లు అక్కడ ఇప్పటికీ కొందరున్నారు.

ఒక టీవీ సంస్థ ఖర్చుకు ఇంటింటా రుసుము ఎందుకు, కట్టనివాణ్ని కోర్టుకు లాగడం ఎందుకు అన్న వాదం బ్రిటన్‌లో దశాబ్దాలుగా సాగుతోంది. ఈ తిరకాసు మూలం టీవీలో లేదు. టీవీ పుట్టకముందే, కార్యక్రమాలన్నవే లేని రోజుల్లో ఉంది.

1904లో బ్రిటిష్ పార్లమెంటు వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చేసింది. అప్పటికి గాల్లో వినపడేవి పాటలూ వార్తలూ కావు, ఓడలూ నౌకాదళం పంపుకునే టకటకల సంకేతాలు. ఎవడు పడితే వాడు యంత్రం పెట్టుకుని వింటే, లేదా తనూ పంపితే, దేశ రక్షణకే ముప్పని సర్కారు భయం. అందుకని వైర్‌లెస్ యంత్రం ఏదైనా పోస్ట్‌మాస్టర్ జనరల్ అనుమతి లేకుండా పెట్టుకోకూడదన్నారు. తుపాకీకి లైసెన్సు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ‘మీకు వినోదం ఇస్తాం, డబ్బివ్వండి’ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

1922లో రేడియో సెట్లు తయారుచేసే కంపెనీలు కలిసి బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ పెట్టాయి. కార్యక్రమాలు వస్తేనే సెట్లు అమ్ముడవుతాయి కదా. ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చేతికందిన సాధనం ఆ పాత పర్మిట్టే. ఏడాదికి 10 షిల్లింగులు పోస్టాఫీసులో కట్టాలి, అందులో సగం కంపెనీకి. పైగా కంపెనీ ముద్ర ఉన్న సెట్లే కొనాలి, ప్రతి సెట్టు మీదా కంపెనీకి కొంత వాటా.

జనం ఊరుకుంటారా? స్ఫటికం ముక్క, తీగచుట్ట, చెవి గొట్టాలు ఉంటే చాలు, రేడియో ఇంట్లోనే తయారవుతుంది. కుర్రాళ్లు తామే కట్టుకుని, మేం వినేవాళ్లం కాదు, ప్రయోగాలు చేసేవాళ్లం అంటూ ప్రయోగశీలుర లైసెన్సు అడగసాగారు. కాదనడానికి పోస్టాఫీసు దగ్గర ఆధారం లేదు. ఇంకా ఎందరో ఏ లైసెన్సూ లేకుండానే వినేవారు. 1923లో ప్రభుత్వం వేసిన సైక్స్ కమిటీ కూర్చుని, కంపెనీకి దక్కే వాటా పెంచమంది. సెట్ల మీద వాటా పోయింది, ఇంట్లో కట్టుకున్న సెట్టుకూ అదే లైసెన్సు సరిపోయింది. 1926 చివరికి లైసెన్సులు 20 లక్షలు దాటాయి.

ఆ ఏడే మే నెలలో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరిగింది. పత్రికలు చాలామటుకు ఆగిపోయాయి, జనానికి రేడియోయే దిక్కైంది. బీబీసీని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకోవాలని మంత్రివర్గంలో చర్చిల్ పట్టుబట్టాడు. దాని అధిపతి జాన్ రీత్ ఒప్పుకోలేదు. రీత్ పూర్తిగా నిష్పక్షపాతంగా ఉన్నాడని చెప్పలేం. కార్మికుల పక్షాన మాట్లాడేవాళ్లకు మైకు దొరకలేదన్న ఫిర్యాదు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ సంస్థ ప్రభుత్వ శాఖ కాకుండా బయటపడింది. 1927 జనవరి 1న అది రాజశాసనంతో ఏర్పడిన కార్పొరేషన్ అయింది. లైసెన్సు సొమ్ములో కొంత పోస్టాఫీసూ ఖజానా మినహాయించుకున్నా, మిగిలింది ఆ కార్పొరేషన్‌కే చెందాలి. వినేవాడు కట్టిన డబ్బుతో వినిపించేవాడు బతకాలన్న పద్ధతి అక్కడ స్థిరపడింది. పర్మిట్టు చందాగా మారింది.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. యుద్ధం తర్వాత 1946 జూన్‌లో టీవీ లైసెన్సు 2 పౌండ్లతో మొదలైంది. 1968లో రంగుల టీవీకి 10 పౌండ్లయింది. 1971లో రేడియో లైసెన్సు రద్దయి టీవీది మిగిలింది. వసూలు బాధ్యత 1991లో బీబీసీకే వచ్చింది. అంతకు చాలా ముందే, 1952లో పోస్టాఫీసు వాళ్లు దొంగ టీవీలను పసిగట్టే వ్యాన్లను వీధుల్లో తిప్పడం మొదలెట్టారు. పాత టీవీ సెట్టు తనూ కొంత తరంగశక్తిని బయటికి వదిలేది, దాన్ని పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. అయినా నన్నడిగితే ఆ వ్యాను పట్టుకున్నదాని కన్నా భయపెట్టిందే ఎక్కువ. వ్యాను వస్తోందన్న ప్రకటన వెలువడితే చాలు, పోస్టాఫీసుల దగ్గర వరుసలు కట్టేవారు.

ఇక మన సంగతి. మనకూ ఈ లైసెన్సు ఉండేది. బ్రిటన్‌లో మొదలైన అయిదేళ్లకే వచ్చింది. కానీ ఇక్కడ దాని తలరాత వేరు.

మద్రాసులో 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టారు. సభ్యుల విరాళాలతో ప్రసారాలు చేశారు. విరాళాలు ఎన్నాళ్లని వస్తాయి? 1927లో క్లబ్ మూతపడింది, దాని యంత్రంతోనే 1930లో మద్రాసు కార్పొరేషన్ ప్రసారాలు సాగించింది. క్లబ్ మూతపడిన ఆ 1927లోనే, జులై 23న, బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రాన్ని వైస్రాయి ఇర్విన్ ప్రారంభించాడు. ఆగస్టులో కలకత్తా కేంద్రం వచ్చింది. శ్రోత కట్టాల్సింది ఏడాదికి 10 రూపాయలు, అందులో 8 కంపెనీకి. బ్రిటన్ నమూనాయే. అయితే అక్కడ లక్షల్లో ఉన్న లైసెన్సులు ఇక్కడ 1929 చివరికి కూడా 8 వేలు దాటలేదు. ఒక్కొక్కరి నుంచి 8 రూపాయల లెక్కన, బొంబాయి, కలకత్తాల్లో రెండు కేంద్రాలు నడపాలి. దానికి తోడు సెట్లున్నవాళ్లలో లైసెన్సు తీసుకోనివాళ్లు కొల్లలు. 1930 మార్చిలో కంపెనీ చేతులెత్తేసింది.

ఏప్రిల్లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తీసుకుని, నష్టాలు చూసి 1931లో మూసేద్దామనుకుంది. సెట్ల వ్యాపారులూ శ్రోతలూ గోల చేస్తే మనసు మార్చుకుంది. దిగుమతి సెట్ల మీద సుంకం పెంచింది. 1933లో ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చి, లైసెన్సు లేని సెట్టు ఇంట్లో ఉండటమే నేరం అంది. 1936లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరొచ్చేసరికి ప్రసారం పూర్తిగా సర్కారు శాఖ. రుసుము ఖజానాకి, ఖర్చు బడ్జెట్ నుంచి. శ్రోత కట్టే డబ్బుకీ, అతను వినే కార్యక్రమానికీ ఉన్న లంకె తెగింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని ఎవరూ ముడివేయలేదు.

ఆ లైసెన్సు పుస్తకం పాత ట్రంకుపెట్టెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. పోస్టాఫీసులో ఇచ్చే చిన్న పుస్తకం అది. లోపల లైసెన్సుదారు పేరు, చిరునామా, సెట్టు ఏ కంపెనీది, ఏ మోడల్. ఆ తర్వాతి పేజీల్లో ఏటా రుసుము కట్టినట్టు గుర్తులు. డబ్బు కట్టాక గుమాస్తా అందుకోసమే అచ్చువేసిన స్టాంపు అతికించి, దానిమీద తేదీ ముద్ర కొట్టేవాడు. గడువు దాటితే అదనంగా వడ్డించేవారు. ఇంట్లో వినే సెట్టుకు ఒక రేటు, హోటల్లో పదిమందికి వినిపించే సెట్టుకు అంతకన్నా ఎక్కువ. ఏటా 15 రూపాయలు పెద్ద రేడియోకి, 50 టీవీకి ఉన్న రోజులు చాలామంది పెద్దవాళ్లకు గుర్తే.

వాల్వు రేడియో ఉన్న రోజుల్లో తనిఖీ సులువు. పెంకుటింటి మీద ఇటు నుంచి అటు లాగిన ఏరియల్ తీగ వీధిలోకే కనపడేది, ఇన్‌స్పెక్టరు తలెత్తి చూస్తే చాలు. ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ ఆట చెల్లలేదు. పొలం గట్టు మీదికి భుజాన వేసుకుపోయే దాన్ని ఏ ఇంటి లెక్కలో రాస్తారు? ఇన్‌స్పెక్టరు వీధి మొగలో కనిపించగానే సెట్టు దుప్పట్ల కిందికి పోయేదని పాతతరం వాళ్లు నవ్వుతూ చెబుతారు. వసూలు చేయడానికయ్యే ఖర్చూ తలనొప్పీ పెరుగుతూ పోయాయి.

మరోపక్క వేరే ఆదాయం కనిపించింది. 1967లో వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. 1976లో టీవీలోనూ వచ్చాయి. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలయ్యే నాటికి, లైసెన్సు కట్టిన ఇంట్లోనే సబ్బు ప్రకటన కూడా చూడాల్సిన రోజులు. 1984లో స్పాన్సర్ చేసిన తొలి సీరియల్‌గా ‘హమ్ లోగ్’ వచ్చింది. నూడుల్స్ కంపెనీ డబ్బుతో కథ నడవగలిగితే పోస్టాఫీసు స్టాంపులు ఎవరికి కావాలి? 1980ల మధ్యలో రేడియో, టీవీ లైసెన్సులు రెండూ రద్దయ్యాయి. జనం పండగ చేసుకున్నారు. ఏమైనా పోగొట్టుకున్నామా అని అడిగినవాళ్లు లేరు. అడగడానికీ పెద్దగా ఏం లేదు, ఆ రుసుము ఎన్నడూ వాళ్లకు ఒక హక్కుగా దక్కలేదు గనక.

రేడియో, దూరదర్శన్‌లను నడిపేందుకు తర్వాత వచ్చిన ప్రసార భారతి సంస్థ కథలో ఇద్దరు తెలుగువాళ్ల చేయి ఉంది. నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వంలో సమాచార ప్రసార మంత్రిగా పర్వతనేని ఉపేంద్ర 1990లో ఆ చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించారు. ఏడేళ్లు అది అలమరలో పడి ఉంది. 1997లో ఆ శాఖ మంత్రిగా ఎస్. జైపాల్ రెడ్డి దాన్ని అమల్లోకి తెచ్చారు. ఆ చట్టం 17వ సెక్షన్‌లో ఒక విచిత్రం ఉంది. రిసీవర్ లైసెన్సు రుసుము ఏదైనా వసూలైతే, వసూలు ఖర్చులు పోను మిగిలినదాన్ని కేంద్రం ప్రసార భారతికి ఇవ్వవచ్చని అందులో రాశారు. అప్పటికే రద్దయి ఏళ్లయిన రుసుముకు చట్టంలో గది కట్టి ఉంచారన్నమాట. ఆ గది ఇప్పటికీ ఖాళీ. సంస్థ జీతాలకు ప్రధాన ఆధారం కేంద్రం ఇచ్చే గ్రాంటే. డబ్బిచ్చే చేయి ఢిల్లీలోని మంత్రిత్వశాఖది అయినప్పుడు వార్తల బులెటిన్ ఎవరి ముఖం చూస్తుందో వేరే చెప్పాలా? ఏ పార్టీ గద్దెమీదున్నా అంతే.

పోనీ రుసుము పోయిందని మనం ఏమీ కట్టడం లేదా అంటే, కడుతూనే ఉన్నాం. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు వచ్చినప్పుడు కేబుల్, డీటీహెచ్ కనెక్షన్‌కు నెలకు 130 రూపాయల దాకా నెట్‌వర్క్ రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ. దూరదర్శన్ చానళ్లు ఆ కట్టలో తప్పనిసరిగా ఉండాలి, కానీ ఆ 130లో దూరదర్శన్‌కు వెళ్లేది ఏమీ లేదు. ఏడాదికి లెక్కేసుకుంటే పన్నుతో కలిపి 1,800 రూపాయలు దాటేది. పే చానళ్ల ధర అదనం.

బయటి దేశాలు తలోదారి పట్టాయి. ఆస్ట్రేలియా 1974లోనే లైసెన్సు తీసేసింది. ఫ్రాన్స్ 2022లో తీసేసి వ్యాట్‌లో కొంత కేటాయించింది. ఇటలీ 2016 నుంచి కరెంటు బిల్లులో కలిపింది, దాంతో ఎగవేతలు ఒక్కసారిగా తగ్గాయి. స్విట్జర్లాండ్‌లో 2018లో రద్దు చేద్దామా అని జనాన్నే అడిగితే నూటికి 71 మందికి పైగా వద్దన్నారు. జపాన్‌లో ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేకి కట్టకపోతే అప్పట్లో జరిమానా ఉండేది కాదు గానీ, వసూలుకు వచ్చేవాళ్ల మీద కోపంతో ఏకంగా ఒక పార్టీ పుట్టి 2019లో ఎగువ సభలో సీటు గెలిచింది.

మనకు పనికొచ్చే పాఠం జర్మనీలో ఉందని నా నమ్మకం. 2013 నుంచి అక్కడ టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి ఒక రుసుము. అందువల్ల తలుపు తట్టి లోపల ఏముందో చూసే తనిఖీలు పోయాయి. బ్రిటన్‌లో శిక్షపడేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు కావడానికి ఒక కారణం, తనిఖీ మనిషి వచ్చినప్పుడు తలుపు తీసేది వాళ్లు కావడమే. జర్మనీ ఆ అన్యాయాన్ని వదిలించుకుంది. రుసుము ఎంతుండాలో లెక్కకట్టేది స్వతంత్ర కమిషన్. 2020లో నెలకు 86 సెంట్లు పెంచాలని ఆ కమిషన్ చెబితే, సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రం ఒక్కటే అడ్డుపడి ఆపేసింది. 2021లో రాజ్యాంగ న్యాయస్థానం, అది ప్రసార స్వేచ్ఛను దెబ్బతీయడమేనని తేల్చి, నెలకు 18.36 యూరోలు అమలు చేయించింది. డబ్బు బిగించి గొంతు నొక్కకుండా అడ్డు నిలబడే కోర్టు అక్కడుంది.

కాబట్టి ఇంటింటా రుసుము కట్టాలా అని నన్నడిగితే, ఇప్పుడున్న దూరదర్శన్‌కు ఒక్క రూపాయి కూడా వద్దంటాను. ఖజానా గుండా వెళ్లే రుసుము ఇంకో పన్ను మాత్రమే, 1930 నుంచి యాభై ఏళ్లపాటు మనం కట్టింది అదే. మంత్రిత్వశాఖ చేతికి అందకుండా నేరుగా సంస్థకు చేరేట్టు, ఎంతన్నది మంత్రి కాక మరొకరు తేల్చేట్టు చట్టం మార్చిన రోజున మాత్రం, కేబుల్ బిల్లులో నెలకు పది రూపాయలు కలిపినా కట్టొచ్చు. ఆ మార్పు రానంతకాలం 17వ సెక్షన్‌లోని ఆ గది ఖాళీగా ఉండటమే నయం.