నెలవంకను కాఫీలో ముంచి...

వియన్నాలో పాత కాఫీ హోటళ్ళకు వెళ్ళినవాళ్ళ చెవిన ఒక కథ పడకుండా ఉండదు. 1683లో ఉస్మానీ తురుష్క సైన్యం ఆ నగరాన్ని రెండు నెలలు ముట్టడించింది. సెప్టెంబరు 12న పోలెండు రాజు సోబియెస్కీ వచ్చి తరిమికొట్టాడు. తురకలు వదిలేసిపోయిన గుడారాల్లో గింజల బస్తాలు దొరికాయట. అందరూ ఒంటెల దాణా అనుకున్నారట. కోల్షిట్స్కీ అనే అతను మాత్రం అవి కాఫీ గింజలని గుర్తుపట్టి, వాటితోనే మొదటి కాఫీ దుకాణం తెరిచాడట. రొట్టెలవాళ్ళేమో గెలుపు సంబరంలో తురకల జెండా మీది నెలవంకను చూసి కిప్ఫెల్ రొట్టె చేశారట.

మనకెందుకీ గోల అనొచ్చు. తెలుగులో మా పేరే తురకోళ్ళు. టర్కీ ఎక్కడుందో తెలియని మా తాతలకీ అదే పేరు. కొరికి తిన్నది మా నెలవంకనే అన్నమాట!

తిండికి వంక పెట్టలేం. బాదంపొడి, వెన్న కలిపి చేసే చిన్న కిప్ఫెల్ నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. కాఫీ పళ్ళెంలో వస్తుంది, పక్కన మంచినీళ్ళ గ్లాసు, దాని మీద బోర్లించిన చెంచా. ఒక్క కప్పు ముందు పెట్టుకుని పేపరంతా చదివినా లేవమనరు. ఆ మర్యాద మన ఇరానీ హోటళ్ళలోనూ చూశాం.

రుచి నిజం, కథే అబద్ధం. ముట్టడికి వందల ఏళ్ళ ముందే అక్కడ కిప్ఫెల్ ఉంది. కోల్షిట్స్కీ ముట్టడిలో వార్తలు మోసిన మనిషే, కానీ అతని కాఫీ కథను 1783లో, నూరేళ్ళ తర్వాత, ఒక క్రైస్తవ మతగురువు ప్రచారంలో పెట్టాడు. దస్తావేజుల్లో ఉన్నది వేరే పేరు. 1685లో కాఫీ అమ్మడానికి అనుమతి పొందినవాడు ఆర్మేనియన్ వర్తకుడు యోహాన్నెస్ దియోదాతో. కోల్షిట్స్కీకి 1885లోనే విగ్రహం లేచింది. దియోదాతో పేరు ఒక చిన్న పార్కుకు పెట్టడానికి 2004 దాకా పట్టింది.

అబద్ధం అంతకాలం ఎలా బతికింది? కాఫీ కొల్లసొమ్మయితే ఎవరికీ రుణపడనక్కర్లేదు. నేర్పినవాడు గురువవుతాడు, ఓడినవాడు గురువెలా అవుతాడు?

నిజానికి 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా తాగిన ఖహ్వాయే ఇది. 1511లో మక్కాలో దీన్ని నిషేధించినవాళ్ళూ ముస్లింలే, అదీ దాచనక్కర్లేదు. 1550లలో ఇస్తాంబుల్‌లో కాఫీఖానాలు వెలిశాయి. కవిత్వం, చదరంగం, రాజకీయం అన్నీ అక్కడే. పారిస్‌లో ప్రొకోప్ 1686లో, వెనిస్‌లో ఫ్లోరియన్ 1720లో వచ్చాయి. అంటే హోటల్లో కూర్చుని లోకం సంగతులు మాట్లాడుకోవడం కూడా తూర్పు నుంచి వెళ్ళిందే. మోకా అన్నది యెమెన్ రేవు పేరు. తాగేవాళ్ళలో ఎందరికి తెలుసు?

1964లో ఒప్పందం రాసుకుని ఆస్ట్రియా టర్కీ నుంచి కూలీలను రప్పించుకుంది. వాళ్ళకు పెట్టిన పేరు అతిథి కార్మికులు. వాళ్ళ పిల్లలూ అక్కడే కథ విని, ఆ రొట్టే తిని పెరిగారు.

మన దేశానికి కాఫీ తెచ్చింది బాబా బుడన్ అనే ఫకీరని చెబుతారు. హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్‌మగళూరు కొండల మీద నాటాడట. దీనికీ దస్తావేజు లేదు, గుర్తుగా కొండ పేరు, ఒక దర్గా ఉన్నాయి. హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కిన ఆ దర్గా ఎవరిదన్న తగాదా 1990లలో వీధికెక్కి పోలీసు పహారా దాకా వెళ్ళింది. ఆ జిల్లా కాఫీ గింజలు ఇప్పటికీ ఓడలెక్కి ఇటలీకి వెళుతున్నాయి.