వాల్తేరులో పుట్టిన తార, జర్మన్లు నడిపిన స్టూడియో

దేవికా రాణి 1908 మార్చి 30న వాల్తేరులో పుట్టింది. తండ్రి మన్మథనాథ్ చౌధురి సైనిక వైద్యుడు. తరువాతి కాలంలో మద్రాసు రాజధానికి సర్జన్ జనరల్ అయిన తొలి భారతీయుడు. కుటుంబం బెంగాలీ. రవీంద్రనాథ్ ఠాగూర్‌తో దగ్గరి చుట్టరికం ఉంది. అప్పటి వాల్తేరు అధికారులూ దొరలూ కాపురముండే ఎత్తుగడ్డ. ఉద్యోగరీత్యా వచ్చిన కుటుంబంలో పుట్టిన పిల్ల కాబట్టి తెలుగు నేలతో ఆమె బంధం పుట్టుకతో మొదలై దాదాపు అక్కడే ఆగింది. తొమ్మిదేళ్లు వచ్చేసరికి చదువుకని ఇంగ్లండుకు పంపేశారు. తెలుగు సినిమా చరిత్రల్లో ఆమె పేరు ఎక్కడో ఒక వాక్యంలో మెరిసి మాయం కావడానికి ఇదే కారణం. అయితే మనదేశంలో సినిమా తీయడం ఒక వృత్తిగా, నెలజీతాల కొలువుగా, పని నేర్పే బడిగా ఎలా కుదురుకుందో తెలియాలంటే ఆమె కథ దగ్గర ఆగక తప్పదు.

లండన్‌లో ఆమె నటనా, సంగీతమూ చదివింది. ఆపైన వాస్తుకళ, బట్టలపై అద్దకపు డిజైన్లు నేర్చింది. ఎలిజబెత్ ఆర్డెన్ సౌందర్యశాలలో కొంతకాలం పని నేర్చుకుంది. మంచి ఇంటి ఆడపిల్ల ముఖానికి రంగు వేసుకోవడమే తప్పనుకునే రోజుల్లో రంగు వేయడం చేతిపనిగా నేర్చిన మనిషి ఆమె. 1928లో అక్కడే హిమాంశు రాయ్ పరిచయమయ్యాడు. న్యాయశాస్త్రం చదివేందుకు లండన్ వెళ్లి నాటకాల్లో పడిపోయిన బెంగాలీ యువకుడు రాయ్. అతనికి కథలు రాసిపెట్టిన నిరంజన్ పాల్, జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ కొడుకు.

రాయ్ అప్పటికే జర్మన్లతో కలిసి మూకీలు తీసి ఉన్నాడు. మ్యూనిక్‌లోని ఎమెల్కా స్టూడియోతో కలిసి 1925లో బుద్ధుని కథ ‘ప్రేమ సన్యాస్’ తీశారు. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్. పాశ్చాత్య దేశాల్లో దాన్ని ‘లైట్ ఆఫ్ ఆసియా’ అన్నారు. తరువాత ‘షిరాజ్’, 1929లో ‘ప్రపంచ పాశ్’ వచ్చాయి. ఏనుగులు, రాజభవనాలు, వేల జనం ఇక్కడివి. కెమెరా, ప్రయోగశాల, పంపిణీ అక్కడివి. ఈ చిత్రాల్లో నటించిన సీతాదేవి అసలు పేరు రెనీ స్మిత్. కుటుంబాల నుంచి వచ్చే హిందూ, ముస్లిం స్త్రీలు తెర ఎక్కడానికి ఇష్టపడని రోజులవి. 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేషం వేసింది సాలుంకే అనే మగవాడు. ఆ ఖాళీని ఆ తరువాత ఆంగ్లో ఇండియన్, యూదు యువతులు హిందూ పేర్లతో నింపారు.

ఈ విషయంలో తెలుగు వాళ్లది కొంచెం వేరే దారి. సురభి నాటక సమాజాల్లో కుటుంబాలకు కుటుంబాలే వేషం కట్టేవి కాబట్టి ఆడవేషం ఆడవాళ్లే వేసేవారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి అలాంటి ఇంటి బిడ్డే. ఆమె వేదిక నుంచి తెరకు వచ్చింది. దేవికా రాణిది అందుకు పూర్తిగా ఎదురు దారి: చదువుకున్న పెద్దింటి నుంచి, వేదికతో పనిలేకుండా నేరుగా తెరకు. మన దేశంలో నటీమణుల వృత్తి చరిత్ర ఈ రెండు దారులూ కలిస్తేనే పూర్తవుతుంది.

‘ప్రపంచ పాశ్’కు దేవికా రాణి దుస్తులూ సెట్లూ చూసింది. ఆ ఏడాదే ఆమెకు రాయ్‌తో పెళ్లయింది. అతనికి అంతకుముందే ఒక జర్మన్ నటితో సంబంధమూ, ఆమె ద్వారా ఒక కూతురూ ఉన్నారు. కొత్త దంపతులు బెర్లిన్ చేరారు. బెర్లిన్ పొలిమేరల్లోని బాబెల్స్‌బర్గ్‌లో ఉన్న ఉఫా స్టూడియో ఆనాటి ఐరోపాలో అన్నింటికన్నా పెద్దది. నిర్మాత ఎరిక్ పామర్ అక్కడ పెద్ద దిక్కు. ఫ్రిట్జ్ లాంగ్, పాబ్‌స్ట్ వంటి దర్శకులు పనిచేస్తుండేవారు. దేవికా రాణి అక్కడ మేకప్, దుస్తులు, సెట్ల విభాగాల్లో శిష్యరికం చేసింది. జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ ‘బ్లూ ఏంజెల్’ తీస్తున్న రోజులవి. మార్లిన్ డీట్రిచ్ జర్మన్ నటి నుంచి ప్రపంచ తారగా మారింది ఆ చిత్రంతోనే. ఆ సెట్లో డీట్రిచ్‌కు మేకప్ సామగ్రి అందించే పని కూడా దేవికా రాణి చేసిందన్న మాట ఆమె జీవిత కథనాల్లో తరచు కనిపిస్తుంది. ఒక తారను వెలుతురుతో, కోణంతో, ముఖం మీద పడే నీడతో ఎలా ‘తయారుచేస్తారో’ ఆమె చూసింది. తరువాత తాను ఎదురుగా నిలబడినప్పుడూ, ఇంకొకరిని నిలబెట్టినప్పుడూ అక్కరకొచ్చిన చదువు అదే.

టాకీలు వచ్చాక రెండు దేశాల ఉమ్మడి చిత్రాలు కష్టమయ్యాయి. మూకీకి భాష అడ్డం కాదు. మాట వచ్చాక అడ్డమే. 1933లో హిట్లర్ గద్దెనెక్కడంతో ఆ తలుపు మూసుకుపోయింది. అదే ఏడాది లండన్‌లో విడుదలైన ‘కర్మ’ ఇంగ్లీషులోనూ హిందీలోనూ తీసిన చిత్రం. రాయ్, దేవికా రాణి జంటగా నటించారు. ఆమె ఇంగ్లీషు ఉచ్చారణను లండన్ పత్రికలు మెచ్చుకున్నాయి. హిందీ రూపం ఇక్కడ ఆడలేదు. ఆ చిత్రంలోని ముద్దు నాలుగు నిమిషాలు సాగిందని నేటికీ రాస్తూనే ఉన్నారు. నిజానికి అంత లేదు. పైగా పాము కాటుకు స్పృహ తప్పిన రాకుమారుణ్ణి బతికించుకోవాలని ఏడుస్తూ పెట్టే ముద్దు అది. సంచలనం కోసం దాన్ని సందర్భం నుంచి పెకలించి నిడివి పెంచేశారు. నటిగా ఆమె చేసిన పని అంతా ఆ ఒక్క దృశ్యం వెనక దాగిపోవడం అన్యాయం.

1934లో బొంబాయి శివారు మలాడ్‌లో బాంబే టాకీస్ మొదలైంది. సొంత సొమ్ముతో ఏ సేఠో నడిపే కొట్టు కాదది. వాటాలు అమ్మి, పేరున్న వ్యాపారులనూ న్యాయవాదులనూ డైరెక్టర్లుగా పెట్టుకుని స్థాపించిన కంపెనీ. స్థలం ఎఫ్.ఇ. దిన్షా ఎస్టేటుది. జర్మనీ నుంచి దర్శకుడు ఆస్టెన్, కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్, సెట్ల రూపకర్త కార్ల్ ఫాన్ స్ప్రెటీ, ల్యాబొరేటరీ నిపుణుడు విల్‌హెల్మ్ జోలె వచ్చారు. శబ్దానికి ఒక ఇంగ్లీషువాడు. ఆస్టెన్‌కు హిందీ రాదు. అయినా నాలుగేళ్లలో పదిహేను దాకా హిందీ చిత్రాలు తీశాడు. సంభాషణ సంగతి పక్కవాళ్లు చూసుకునేవారు, అతను కెమెరా చూసుకునేవాడు. స్ప్రెటీ తరువాత సినిమా వదిలి దౌత్యవేత్త అయ్యాడు. 1970లో గ్వాటెమాలాలో పశ్చిమ జర్మనీ రాయబారిగా ఉండగా అపహరించి చంపేశారు. మలాడ్ సెట్లు వేసిన మనిషి అంతం అలా అవుతుందని ఎవరనుకుంటారు!

బాంబే టాకీస్‌లో నటులైనా, లైట్లు మోసేవారైనా నెలజీతగాళ్లే. పట్టభద్రులను ఏరి తెచ్చి జర్మన్ల పక్కన పని నేర్చుకోమనేవారు. క్యాంటీన్‌లో కులభేదం లేకుండా అందరూ కలిసి తినాలి. తెలుగు సినిమాకు అప్పటికి సొంత ఇల్లు కూడా సరిగా లేదు; బొంబాయి, కలకత్తా, కొల్హాపూర్ స్టూడియోలను అద్దెకు తీసుకునేవారు. నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టింది 1936లో. అదే దశకంలో దేవికా రాణి పుట్టిన విశాఖలో ఆంధ్రా సినీటోన్ వెలిసింది. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. స్టూడియో అంటే షెడ్డూ కెమెరా మాత్రమే కాదని, పని తెలిసిన మనుషుల వరస తెగకుండా చూసుకోవడమని బాంబే టాకీస్‌ను చూస్తే తెలుస్తుంది.

మొదటి చిత్రం ‘జవానీ కీ హవా’ 1935లో వచ్చింది. దాని నాయకుడు నజ్ముల్ హసన్‌తో దేవికా రాణి, మరుసటి చిత్రం ‘జీవన్ నయ్యా’ నడుస్తుండగానే కలకత్తా వెళ్లిపోయింది. సౌండ్ విభాగంలో ఉన్న శశధర్ ముఖర్జీ వెళ్లి నచ్చజెప్పి తిరిగి తెచ్చాడు. హసన్ ఉద్యోగం పోయింది, ఆమెది నిలిచింది. ఆమె లేకుండా కంపెనీ నడవదని రాయ్‌కు తెలుసు. ఖాళీ అయిన నాయక వేషానికి ల్యాబొరేటరీలో పనిచేస్తున్న ముఖర్జీ బావమరిదిని పిలిచారు. అతడే అశోక్ కుమార్. నటన తెలియదని అతనే మొరాయించాడు; పనికిరాడని ఆస్టెన్ అన్నాడు. అప్పుడు ఎదుట నిలబడి అతనికి ధైర్యం చెప్పింది దేవికా రాణే.

ఈ జంట 1936లో చేసిన ‘అఛూత్ కన్య’ ఆమెకు శాశ్వతమైన పేరు తెచ్చింది. రైల్వే గేటు కాపలాదారు కూతురు కస్తూరి దళిత పిల్ల. కిరాణా కొట్టు నడిపే బ్రాహ్మణుడి కొడుకు ప్రతాప్‌తో చిన్ననాటి స్నేహం ప్రేమ అవుతుంది. ఊరు ఒప్పుకోదు. చివరికి ఇద్దరు మగవాళ్ల కొట్లాట ఆపబోయి కస్తూరి రైలు కింద పడి చనిపోతుంది. తీర్చిన కనుబొమలతో, పెదవి రంగుతో పల్లెపిల్ల ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది, అది నిజమే. కానీ ఆమె నటనలోని నిదానం, మాట తగ్గించి కళ్లతో పలికించే తీరు అప్పటి పార్సీ నాటక ఫక్కీ అరుపుల నుంచి తెరను చాలా దూరం తెచ్చాయి.

రెండేళ్లకు తెలుగులో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. కథ చలానిది, నాయిక కాంచనమాల. అక్కడా దళిత పిల్ల, బ్రాహ్మణ యువకుడే. కాని తెలుగు కథలో పిల్ల చావదు. పెళ్లి జరుగుతుంది, ఛాందసుడైన తండ్రి మనసు మార్చుకుంటాడు. హిందీ చిత్రం సానుభూతి దగ్గర ఆగితే తెలుగు చిత్రం దాన్ని దాటింది. చిత్రీకరణలో మలాడ్ వాళ్లది పైచేయి, ధైర్యంలో మనవాళ్లది.

‘జన్మభూమి’, ‘ఇజ్జత్’, ‘సావిత్రి’, ‘నిర్మల’, ‘వచన్’, ‘దుర్గ’: 1939 దాకా వరసగా చిత్రాలు వచ్చాయి. ఆ సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్లను శత్రుదేశీయులుగా అదుపులోకి తీసుకుంది. స్టూడియో ఒక్కసారిగా చేతులు విరిగినట్టయింది. 1936లోనే నాజీ పార్టీలో చేరిన ఆస్టెన్ తరువాత జర్మనీ వెళ్లిపోయాడు. విర్షింగ్ మాత్రం యుద్ధం ముగిసేదాకా నిర్బంధంలో ఉండి, ఆపైన ఈ దేశంలోనే స్థిరపడ్డాడు. ‘మహల్’ (1949)కు కెమెరా అతనిదే. ‘పాకీజా’ చిత్రీకరణ సాగుతుండగా 1967లో చనిపోయాడు.

హిమాంశు రాయ్ 1940లో మరణించాడు. స్టూడియో పగ్గాలు దేవికా రాణి చేతికి వచ్చాయి. ఆమె జీవితంలో అన్నింటికన్నా తక్కువగా చెప్పుకొనేదీ, ఎక్కువగా చెప్పుకోవలసిందీ ఈ అయిదేళ్ల కాలమే. జర్మన్లు లేరు, ముడిఫిల్ముకు యుద్ధకాలపు కొరత, లోపల రెండు వర్గాలు. ఒకవైపు అమియ చక్రవర్తి, మరోవైపు శశధర్ ముఖర్జీ. వంతులవారీగా చిత్రాలు తీసే ఏర్పాటు చేసి కంపెనీని నడిపింది. 1943లో వచ్చిన ‘కిస్మత్’ కలకత్తాలో ఒకే థియేటర్లో మూడేళ్లకు పైగా ఆడింది. ఆ ఏడాదే ముఖర్జీ, అశోక్ కుమార్ బయటికి వెళ్లి ఫిల్మిస్తాన్ పెట్టుకున్నారు. యూసుఫ్ ఖాన్ అనే కుర్రవాణ్ణి నెలజీతం మీద తీసుకుని, దిలీప్ కుమార్ అని పేరు పెట్టి, 1944లో ‘జ్వార్ భాటా’తో తెరకు ఎక్కించింది ఆమే. దక్షిణాదిన కన్నాంబ, భానుమతి సొంత నిర్మాణ సంస్థలు నడిపారు. అయితే అంత పెద్ద స్టూడియో మొత్తానికి యజమానిగా నిలిచిన నటి అప్పటికి దేశంలో మరొకరు లేరు.

ఆమె చివరి చిత్రం ‘హమారీ బాత్’ (1943). అందులో నాయకుడు పైడి జైరాజ్ కరీంనగర్‌లో పుట్టి హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివినవాడు. మూకీల కాలం నుంచే బొంబాయిలో నిలదొక్కుకున్న తెలుగువాడు. అలా వాల్తేరులో పుట్టిన నాయిక నట జీవితం తెలంగాణ నాయకుడి పక్కన ముగిసింది. ఇద్దరిలో ఎవరూ తెలుగు చిత్రాల మీద బతకలేదు.

1945లో వాటాలు అమ్మేసి దేవికా రాణి సినిమా వదిలింది. రష్యన్ చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్‌ను పెళ్లాడింది. కొన్నాళ్లు కులూ లోయలోని నగ్గర్‌లో ఉండి, తరువాత బెంగళూరు దగ్గర తాతగుణి ఎస్టేటులో స్థిరపడ్డారు. ఆమె వెళ్లాక బాంబే టాకీస్ పదేళ్లు కూడా నిలవలేదు. 1958లో పద్మశ్రీ వచ్చింది. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం నెలకొల్పినప్పుడు 1969 సంవత్సరానికి మొట్టమొదటిది ఆమెకే దక్కింది. తరువాత అదే గౌరవం బి.ఎన్. రెడ్డి, జైరాజ్, ఎల్.వి. ప్రసాద్, నాగిరెడ్డిలకు అందింది. రాయ్ జర్మన్ సంతతి ఆస్ట్రేలియాలో భద్రపరిచిన బాంబే టాకీస్ కాగితాలూ ఛాయాచిత్రాలూ 2017లో మెల్‌బోర్న్‌లో ప్రదర్శనకు పెట్టారు.

రోరిక్ 1993 జనవరిలో, దేవికా రాణి 1994 మార్చి 9న బెంగళూరులో మరణించారు. పిల్లలు లేరు. దాదాపు 470 ఎకరాల తాతగుణి ఎస్టేటు కోసం వ్యాజ్యాలు నడిచాయి. దాన్ని స్వాధీనం చేసుకోవడానికి కర్ణాటక ప్రభుత్వం 1996లో చేసిన చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2011 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఆస్తి హక్కుకు సంబంధించిన 300ఎ అధికరణం గురించి న్యాయవాదులు నేటికీ ఉదహరించే తీర్పుల్లో అది ఒకటి.