చిక్కబళ్ళాపురం సీమ క్రైస్తవులు

బెంగుళూరు నుండి హైదరాబాదు త్రోవలో నంది దుర్గాన్ని ఎడమచేతికి విడిచి పోతే చిక్కబళ్ళాపురం, ఇంకా ఉత్తరాన బాగేపల్లి, తూర్పుగా చింతామణి తగులుతాయి. 2007 వరకు ఇవన్నీ కోలారు జిల్లాలోనివే. ఆ సంవత్సరం చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయింది. కచేరీ భాష కన్నడమైనా అనేక గ్రామాలలో పొయ్యి దగ్గర వినబడే భాష తెలుగు. చింతామణి సమీపాన కైవారంలో గాజుల మలారం మోసిన నారాయణప్ప తాతయ్యగారు తత్త్వాలు తెలుగులోను, కన్నడంలోను పాడారు గదా!

ఈ సీమ పాళెగాండ్ర కథలు, కోటల కథలు అందరూ వ్రాస్తారు. ఊరి వెలుపలి వాడల చరిత్ర వ్రాసేవారు తక్కువ. ఊరు కాదన్నవారు ఒక కొత్త మతంలో తమ విలువను ఎట్లా వెదుక్కున్నారు, అది వారికి ఎంతవరకు దక్కింది అన్నది ఈ వ్యాసానికి విషయం.

ఇక్కడికి క్రైస్తవమతం ఇంగ్లీషు దొరలతో వచ్చిందని చాలామంది అనుకొంటారు. అంతకు ఎంతో పూర్వమే వచ్చింది. 18వ శతాబ్ది ఆరంభంలో పుదుచ్చేరి నుండి బయలుదేరిన ఫ్రెంచి జెసూయిట్ పాదిరీలు పుంగనూరు మీదుగా ఈ ప్రాంతాలకు చేరి, తెలుగు నేర్చుకొని, తెలుగులోనే బోధించారు. వారు స్వదేశానికి వ్రాసిన ఉత్తరాలలో ఈ ఊరి పేరు “చిన్నబల్లాబరం” అని ఉంటుంది. అంటే వారి చెవిన పడినది మన “చిన్నబళ్ళాపురమే”. వారు మాంసం, మద్యం మాని, కావి కట్టి సన్యాసులవలె జీవించారు. పండితులతో చర్చలు చేశారు. వారిలో కల్మెత్ అనే ఆయన 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిసులోని రాజ గ్రంథాలయానికి పంపించారు కూడాను.

అయితే మాలపల్లెలో విశ్వాసి ఒకడు చావుబ్రతుకుల మీద ఉంటే ఈ గురువు ఆ ఇంట అడుగుపెట్టేవారు కాదు. రోగిని మోసుకొని బయటికి తెస్తే అక్కడ కడపటి సంస్కారం చేసేవారు. లోపలికి వెళ్ళారని తెలిస్తే ఊరిలోని పెద్దకులాలవారు తమను దగ్గరకు రానివ్వరని వారి భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. కాని మంచం మీద ఉన్నవాని మాట ఏమిటి? దేవుని యెదుట అందరూ సమానులన్నది ఉపదేశంలో ఉన్నది, గడప దగ్గర లేదు. వేదప్రతులకు దొరికిన దారి మాలపల్లె గుడిసెకు దొరకలేదు.

ఈ గడప తగాదా రోము దాకా పోయింది. పోపుగారి ప్రతినిధిగా వచ్చిన తూర్నాన్ 1704లో పుదుచ్చేరిలో ఒక శాసనం చేస్తూ, వ్యాధిగ్రస్తులైన పంచముల ఇండ్లకు గురువులు వెళ్ళి తీరవలెనన్నారు. జెసూయిట్లు అభ్యంతరం చెప్పారు. వాదం నలభై ఏండ్లు సాగింది. చివరకు 1744లో పోపు 14వ బెనెడిక్టు ఆ ఆజ్ఞను స్థిరపరిచారు. అప్పుడు కూడా కుదిరిన ఉపాయం ఏమంటే, పంచములకు వేరే గురువులను నియమించడం! పిమ్మట 1762 ప్రాంతాన చిక్కబళ్ళాపురం హైదరాలీ వశమయింది. 1773లో జెసూయిట్ సంఘమే రద్దయింది.

ప్రొటెస్టంటుల రాక మరొక కథ. లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నంలో, 1810లో బళ్ళారిలో, 1820లో బెంగుళూరులో దిగారు. చిక్కబళ్ళాపురంలో వారి కేంద్రం ఆ తరువాతిది. ప్రసంగాలకన్న ఎక్కువగా ఈ సీమను మార్చినది 1876-78 నాటి మహా క్షామం. మైసూరు రాజ్యంలో 1871లో 50 లక్షలకు పైనున్న జనాభా 1881 లెక్కకు 42 లక్షలకు దిగిపోయింది. కోలారు జిల్లా మెట్టసీమ. చెరువు ఎండితే ఇంక ఆధారం లేదు. తల్లిదండ్రులు పోయిన పిల్లలు బాటల ప్రక్కన మిగిలారు. ఎవరి చేతి కూడో తిన్న పిల్లను తిరిగి కులంలో ఎవరు కలుపుకొంటారు? కోలారులో ఆన్‌స్టీ అనే ఆంగ్ల వనిత అటువంటి పిల్లలను చేరదీసి పెంచారు. 1890లో ఆమె ఆ పనిని అమెరికను మెథడిస్టు మిషన్‌కు అప్పగించారు. అన్నం కోసం మతం మారారని ఆనాటివారిని ఆక్షేపించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆకలిగొన్న బిడ్డకు అన్నం పెట్టినవారిని ఆ బిడ్డ నమ్మడంలో నాకు తప్పేమీ కనిపించదు.

ఇదే కాలంలో ఒంగోలులో జరిగిన సంగతి తెలిసినదే. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొంది, తనవారిని వెంటబెట్టుకొని వచ్చాడు. మాదిగలను చేర్చుకొంటే మా పిల్లలను బడి మాన్పిస్తామని ఊరి పెద్దలు క్లౌ దొరకు చెప్పారు. దొర మాదిగల పక్షాన నిలిచాడు. ఆ పిల్లలు బడి విడిచిపోయారు. పుదుచ్చేరిలో నలభై ఏండ్లు నలిగిన ప్రశ్న ఒంగోలులో వెంటనే తేలిపోయింది.

మారినవారికి ఒరిగినదేమి అంటే, ముందుగా పేరు. దీనిని చరిత్రకారులు చిన్న సంగతిగా దాటేస్తారు. పల్లెలో బిడ్డలు దక్కక పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకోవడం అన్ని కులాలలోను ఉన్నదే. కాని మాల మాదిగల బిడ్డ మంచి పేరు పెట్టుకొన్నా ఊరివారి నోట అది నిలిచేది కాదు. సగం విరిచి, చివర “గాడు” తగిలించి పిలిచేవారు. బాప్తిస్మంతో ఆశీర్వాదం, ప్రకాశం, దేవదానం, కరుణమ్మ, సంతోషమ్మ, దీవెనమ్మ వచ్చారు. ఎవరి పొలంలో పాలేరో, ఎవరి అప్పు క్రింద ఉన్నాడో చెప్పని పేర్లు అవి. ఆ పల్లెలోనే పుట్టి నాలుగక్షరాలు నేర్చిన యువకుడు ఉపదేశి అయితే, అతనిని తనవారే “అయ్యగారూ” అన్నారు. పల్లెలో ఒకరికి “గారు” అంటడం అదివరకు లేని మాట. ఇక పాటలు! పురుషోత్తమ చౌదరి (1803-1890) గారు బ్రాహ్మణుడై పుట్టి, 1833లో బాప్తిస్మం పొందినందుకు అయినవారికి దూరమైన కవి. ఆయన కట్టిన కీర్తనలు చదువురాని తల్లులకు కంఠస్థమైనవి. అగ్రహారం వెలివేసినవాని పాటను ఊరు వెలివేసినవారు పాడుకొన్నారు.

గడప సంగతి ఆసుపత్రిలో మరికొంత తీరింది. జమ్మలమడుగులో నేటికీ తన పేరుతో ఆసుపత్రి గల డాక్టరు టి.వి. కాంప్‌బెల్ గారు పిమ్మట చిక్కబళ్ళాపురం వచ్చారు. 20వ శతాబ్ది రెండవ దశకంలో, లండన్ మిషన్ కార్యదర్శిగా ఉండిన వార్డ్‌లా థామ్సన్ పేర ఇక్కడ ఆసుపత్రి వెలసింది. ఊరి వైద్యుడు నాడి పట్టి చూడని మనిషి చేతిని ఇక్కడ డాక్టరు పట్టుకొనేవారు. చింతామణికి తూర్పున మదనపల్లె దగ్గర 1915లో ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ఏర్పడింది. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దానిని తీర్చిదిద్దారు. ఆ రోజులలో క్షయ వచ్చిందంటే సొంత ఇంటివారే వేరే గ్లాసు, వేరే మూల చూపేవారు. అక్కడ పెద్దకులం రోగికి కూడా వెలి అంటే ఏమిటో తెలిసి ఉంటుంది.

అంతా శుభమే అనడం అసత్యం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మిషన్ సంఘాలు మనవారి చేతికి వచ్చాయి, ఆసుపత్రి సి.ఎస్.ఐ. ఆసుపత్రి అయింది. కాని సంబంధాలు కలుపుకొనే వేళ, శ్మశానంలో చోటు చూసే వేళ కులం గుడి లోపలా తల ఎత్తిన చోట్లు తెలుగునాట లెక్కలేనన్ని. ఇక ప్రభుత్వం చేసినది మరొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. దానితో ఊరివారికి మాదిగగానే ఉన్న మనిషి కచేరీ కాగితంలో మాదిగ కాకుండా పోయాడు. కొందరు సర్టిఫికెట్టు కోసం ఒక పేరు, గుడి కోసం ఒక పేరు ఉంచుకొన్నారు. వారిని నిందించడానికి ముందు, ఆ రెండు పేర్లు ఎవరు తెచ్చిపెట్టారో చూడవలె.

ఈ సీమ నుండి వచ్చిన కుటుంబాలకు ఒక మనవి. భూమి లేని కుటుంబానికి పట్టా ఉండదు, శాసనం ఉండదు. పాత గుడులలోని బాప్తిస్మపు పుస్తకాలలో మాత్రం పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ వ్రాసి ఉంటాయి. చాలామందికి వంశంలో మొదటిసారి కాగితానికి ఎక్కిన అక్షరాలు అవే. వేసవి సెలవులకు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వెళ్ళేవారు అయ్యగారి నడిగి ఆ పుటలను చూడండి. అవ్వలు ఉండగానే వారి పాత పేర్లను కూడా అడిగి వ్రాసుకోండి.